కస్తూర్బా గారి రాట్నం

కస్తూర్బా గారు 1869లో గుజరాత్‌లోని పోరుబందరులో పుట్టారు. కలవారి ఇల్లే గానీ చదువు చెప్పించలేదు. చిన్నతనంలోనే గాంధీ గారితో పెళ్ళి చేశారు.

ఉన్నమాట చెప్పాలంటే ఆయన మొదట్లో మంచి భర్త కాదు. గుడికెళ్ళాలన్నా తనని అడిగి వెళ్ళాలనేవారు. దక్షిణాఫ్రికాలో ఒకసారి మాటామాటా పెరిగి, ఆమెను చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్ళారు. ఆమె ఏడుస్తూనే గట్టిగా నిలదీశారు. ఆయన సిగ్గుపడి గేటు మూసేశారు. ఇదంతా ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు.

1917లో చంపారన్ పల్లెల్లో ఆడవాళ్ళు బట్టలెందుకు ఉతుక్కోవడం లేదో కనుక్కోమని ఈమెనే పంపారు. ఒకావిడ తన గుడిసెలోకి తీసుకెళ్ళి చూపించింది. ఒంటిమీదున్న చీర తప్ప ఇంకోటి లేదు. మగవాళ్ళు అడిగితే ఈ సంగతి బయటికొచ్చేదా?

అప్పటికి ఆశ్రమంలో ఎవరికీ నూలు వడకడం రాదు. గంగాబెన్ అనే వితంతువు ఊళ్ళన్నీ తిరిగి, విజాపూర్‌లో అటకల మీద పడేసిన రాట్నాలు కనిపెట్టింది. అలా భార్యాభర్తలిద్దరూ నేర్చుకున్నారు. కస్తూర్బా గారికి అప్పుడు యాభై దగ్గర. ఏకు పట్టుకుని దారం తెగకుండా లాగడం ఆ వయసులో తేలిక కాదు. అయినా చివరి దాకా వడికారు. ఆయన కూడా రాట్నం వదల్లేదు.

1942లో ఇద్దర్నీ పుణెలో ఆగాఖాన్ భవనంలో నిర్బంధించారు. అక్కడే 1944 ఫిబ్రవరి 22న ఆమె కన్నుమూశారు. ఆఖరికి ఆమెకు కట్టిన చీర గాంధీ గారు స్వయంగా వడికిన నూలుతో నేసింది.