పావులూరి మల్లన లెక్కల బాట

ఆదికవి నన్నయ పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. గణితమును తొలుత తెలుగు పద్యములలో నిలిపిన పావులూరి మల్లనను ఎరిగినవారు మాత్రము అరుదు. ఇంకొల్లు చెంతనున్న పావులూరునకు తాను అధిపతినని ఆయన చెప్పుకొనెను. నాడది కమ్మనాటిలోని గ్రామము. ఆధునిక కాలమున గుంటూరు జిల్లాయందుండి, 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరెను. అదియే తరువాత ప్రకాశం జిల్లా అయినది. 2022 నుండి ఆ గ్రామము బాపట్ల జిల్లాలోనిది. అది నల్లరేగడి సీమ. నేడచ్చట విరివిగా పండు మిరప మల్లన ఎరుగనిది. అది పోర్చుగీసువారి వెంట ఈ దేశమునకు వచ్చినది.

మల్లన 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని సమకాలికుడని కొందరు పండితుల మతము. ఆ రాజువలన పిఠాపురము దాపున నవఖండవాడను పొందిన మల్లనకు ఈయన మనుమడని మరికొందరి మతము.

9వ శతాబ్దమున, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడను జైన పండితుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానినే మల్లన తెనిగించెను. ఆ గ్రంథము పావులూరి గణితమను పేర ప్రసిద్ధమైనది. ఆయన మూలమును మక్కికి మక్కిగా దింపలేదు. జైన ప్రస్తావనల తావున శైవ ప్రస్తావనలు నిలిపెను. వర్గమునకు, ఘనమునకు మూలమున పలు పద్ధతులుండగా ఒక్కొక్క పద్ధతినే గైకొనెను. కొత్త లెక్కలు చేర్చెను. పాండిత్య ప్రదర్శనము కన్న నేర్చుకొనువాని సౌకర్యమే ఆయనకు ముఖ్యమని తోచును.

ఈ గుణము నేటి కంప్యూటరు విద్యార్థికి మిక్కిలి అవసరము. ఒక పనిని మరల మరల చేయించు ఆదేశమును ప్రోగ్రాములో లూపు అందురు. లూపులో లూపు, అందులో మరొక లూపు పెట్టుట మంచి పద్ధతియేనా అన్నది ప్రశ్న. మెట్రిక్ తూనికలు రాకమునుపు మన సీమలో 20 మణుగులు ఒక బారువ, 8 వీశెలు ఒక మణుగు, 40 పలములు ఒక వీశె. బారువ ప్రత్తిలో పలములెన్నియో తెలియుటకు ప్రతి మణుగులో ప్రతి వీశెను, ప్రతి వీశెలో ప్రతి పలమును ఎంచువాడు మూడు పొరల లూపు నడుపుచున్నాడు. పొరలు కూడవు, గుణింపబడును. అతడు 6,400 సార్లు ఎంచవలెను. గుణకారము తెలిసినవానికి రెండు హెచ్చవేతలు చాలును.

మల్లనదిగా వాడుకలోనున్న ఒక పద్యము దీనిని ఇంకను చక్కగా బోధించును. చదరంగపు 64 గళ్లలో మొదటి గడికి ఒకటి, ఆపై గడిగడికి రెట్టింపు చొప్పున గింజలుంచినచో మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615. ఆ పద్యము దీనిని భూతసంఖ్యలతో ఒకట్ల స్థానము మొదలుకొని చెప్పును. ప్రతి గడిలో ప్రతి గింజను ఎంచు రెండు పొరల లూపు అన్నిసార్లును తిరుగవలెను. గడికొక రెట్టింపు వేసికొనిన, ఒక్క లూపు 64 మారులలో ముగియును. రెండును వర్గముచేసి, వచ్చినదానిని మరల వర్గముచేయుచు ఆరు మారులు సాగి, తుదకు ఒకటి తీసివేసిన అదే సంఖ్య వచ్చును.

అట్లని పొరలన్నియు దోషములు కావు. రెండు మాత్రికలను గుణించు సామాన్య పద్ధతికి మూడు పొరలు కావలెను. వరుసలు, నిలువులు నూరేసి యున్న మాత్రికలకు పది లక్షల గుణకారములు తప్పవు. అట్టిచోట లోపలి పొరను వేరుచేసి దానికొక పేరు పెట్టినచో చదువరికి సుగమమగును. కాని కంప్యూటరు శ్రమ తగ్గదు. శ్రమ తగ్గించునది సూత్రమొక్కటే. ఈ భేదమును మరచి, పొరలు దాచినంతనే ప్రోగ్రాము బాగుపడినదని భ్రమించుట తగదు.

కావున మూడవ పొర పెట్టబోవు విద్యార్థి రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ ఎంచుటకు బదులు సూత్రము కలదా? లేనిచో, నా తరువాత చదువువాడు ఏ పొర ఏ పని చేయుచున్నదో గుర్తింపగలడా? ఉపాధ్యాయులు చదరంగపు లెక్కను మూడు విధముల చేయించి చూపినచో, పిల్లలకు ఈ వివేకమును, మన సీమ గణితవేత్త పేరును ఒక్క పాఠముననే అలవడును.