కర్షక సీమలో కార్మిక ప్రశ్న: మాకినేని బసవపున్నయ్య

మాకినేని బసవపున్నయ్య 1914 డిసెంబరు 14వ తేదీన రేపల్లె తాలూకా తూర్పుపాలెమున జన్మించెను. తెనాలి మొదలు బాపట్ల వరకు ఆ సీమలో కంటికి కానవచ్చునవి కృష్ణ కాలువలు, వరిచేలు. యంత్రమన్నచో బియ్యపు మరయే. విప్లవమునకు నాయకుడు కర్మాగార కార్మికుడని మార్క్సు సిద్ధాంతము. కర్మాగారములు లేని చోట పుట్టి కమ్యూనిస్టు అయినవానికి ఈ సూత్రము జీవితకాలపు సమస్య అయ్యెను.

1948లో కలకత్తా మహాసభ ఆయనను కేంద్ర సంఘమునకు ఎన్నుకొన్నది. నూతన ప్రధాన కార్యదర్శి రణదివే రష్యా మార్గమును నమ్మెను: పట్టణములలో సార్వత్రిక సమ్మె, పిదప తిరుగుబాటు. ఆంధ్ర నాయకులు దీనికి సమ్మతింపలేదు. తెలంగాణ రైతులు అప్పటికే ఆయుధములు పట్టియుండిరి. చైనాయందువలె పల్లెలనుండి సాగు దీర్ఘ సమరమే తగిన దారియని వారు అదే ఏట వాదించిరి. 1949 మార్చి 9న తలపెట్టిన రైల్వే సమ్మె విఫలమయ్యెను. 1950లో ఆంధ్రుల వాదము నెగ్గెను. చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి కాగా, బసవపున్నయ్య పొలిట్‌బ్యూరోలో చేరెను.

అయినను తగవు తీరలేదు. అజయ్ ఘోష్, డాంగేలతో కలిసి వీరిరువురును రహస్యముగా మాస్కో చేరి, 1951 ఫిబ్రవరిలో స్టాలిన్‌తో చర్చించిరి. చైనా విప్లవసేనకు వెన్నుదన్నుగా సోవియట్ దేశముండెననియు, భారతమునకు అట్టి అండ లేదనియు, రైతుల గెరిల్లా పోరునకు కార్మికుల సమ్మెలు తోడు కావలెననియు స్టాలిన్ అభిప్రాయము. ఆ అక్టోబరున తెలంగాణ సాయుధ పోరాటము విరమింపబడెను. పార్టీ లెక్క ప్రకారము అప్పటికి అందు 4,000 మంది ప్రాణములిచ్చియుండిరి. తాము నమ్మిన దారి చాలదని ఒప్పుకొనుట ఆ నాయకులకు తేలికైన పని కాదు.

బసవపున్నయ్య 1952 నుండి 1966 వరకు రాజ్యసభ సభ్యుడు. 1964 ఏప్రిలులో పార్టీ జాతీయ సమితినుండి వెడలివచ్చిన 32 మందిలో ఆయన యొకడు. వారి సదస్సు జూలై 7 నుండి 11 వరకు తెనాలిలో, ఆయన స్వసీమలోనే జరిగెను. ఆ ఏడే కలకత్తాలో ఏర్పడిన మార్క్సిస్టు పార్టీ తన కార్యక్రమమున కార్మికవర్గమునకు నాయకత్వమొసగి, భూసమస్యకు ప్రధానస్థానమిచ్చి, కార్మిక కర్షక మైత్రిని పునాదిగా నిలిపెను. రణదివేయు బసవపున్నయ్యయు ఆ పార్టీ తొలి పొలిట్‌బ్యూరోలో ఒక్కచోటనే కూర్చుండిరి.

సోవియట్ రాజ్యము అంతరించిన నాలుగు నెలలకు, 1992 ఏప్రిల్ 12న బసవపున్నయ్య కన్నుమూసెను. రేపల్లె 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. కార్మికుడు లేక కర్షకుడు గెలువడు, కర్షకుడు లేక కార్మికుడు నిలువడు అనునదే ఆ వరిపొలముల బిడ్డ నేర్చిన పాఠము. దానికి చెల్లించిన మూల్యము మాత్రము మిక్కిలి పెద్దది.