పని వెతుక్కుంటూ వచ్చిన లెక్కల మాస్టారు

వాటర్‌ఫోర్డ్‌లో ఉంటున్న మనవాళ్లకు పక్కనే ఉన్న కార్క్ తెలిసిందే. అక్కడి కాలేజీకి 1849లో లెక్కల ప్రొఫెసర్‌గా వచ్చిన జార్జ్ బూల్ కూడా మనలాగే ఉద్యోగం కోసం దేశం దాటినవారే.

ఇంగ్లండ్‌లోని లింకన్‌లో 1815లో చెప్పులు కుట్టే ఇంట పుట్టారు. డిగ్రీ లేదు. పదహారో ఏటినుంచే పంతులుగా ఇల్లు నడిపారు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నారు. మనిషి ఆలోచనను 1, 0లతో లెక్క కట్టొచ్చని 1854లో పుస్తకం రాశారు. ప్రశ్నకు తర్కించి జవాబు చెప్పే, మాట చెబితే బొమ్మ గీసే నేటి ఏఐ కంప్యూటర్ల చిప్పులు నడిచేది ఆ లెక్కతోనే.

1864లో వానలో తడిసి, తడిబట్టలతోనే పాఠం చెప్పారు. జబ్బుపడి 49వ ఏట కన్నుమూశారు. ఇంట్లో భార్య, ఐదుగురు ఆడపిల్లలు మిగిలారు. ఆ పిల్లల్లో పెద్దమ్మాయి మునిమనవడే ఏఐకి బాటవేసి 2024లో నోబెల్ అందుకున్న జెఫ్రీ హింటన్.

కార్క్ వెళ్తే బ్లాక్‌రాక్‌లో బూల్ సమాధి చూసి రండి.