ముట్నూరి కృష్ణారావు గారు

ఆంగ్లేయుల పరిపాలనాకాలమున తెలుగు జిల్లాలలో పెక్కింటికి రాజధాని చెన్నపట్టణము. ప్రభుత్వ కార్యాలయములు, ఉన్నత న్యాయస్థానము, విశ్వవిద్యాలయము అచ్చటనే యుండెను. తంతివార్తలు ముందుగా అచ్చటికే చేరెడివి. పత్రిక వలన పేరు గడింపగోరువారి చూపు సహజముగా ఆ నగరముమీదనే నిలిచెడిది. అట్టి కాలమున బందరును విడువక, 38 సంవత్సరములు ఒకే పత్రికకు సంపాదకులై, దానిని ఆంధ్రదేశమంతట గౌరవపాత్రము గావించిన మహనీయులు ముట్నూరి కృష్ణారావు గారు.

వీరు 1879లో కృష్ణా జిల్లా ముట్నూరు గ్రామమున జన్మించిరి. బందరు నోబిల్ కళాశాలలో విద్య నభ్యసించిరి. రఘుపతి వేంకటరత్నము నాయుడు గారి బోధలు వీరి మనస్సున గాఢముగా నాటుకొనెను. బందరు ఒకనాటి గొప్ప రేవుపట్టణము. 1864 నాటి ఉప్పెనలో సుమారు 30 వేలమంది మరణించిరి. పూర్వపు వర్తకవైభవము మరల రాలేదు. అట్టి పట్టణమున 1902లో కొండా వేంకటప్పయ్య, దాసు నారాయణరావు గార్లు కృష్ణాపత్రికను స్థాపించిరి. మొదట సహాయకులుగా చేరిన కృష్ణారావు గారు 1907లో సంపాదకత్వభారమును వహించిరి.

ఆ వత్సరముననే బిపినచంద్రపాలు గారు ఆంధ్రదేశమున పర్యటించి వందేమాతరోద్యమమును ప్రబోధించిరి. కృష్ణారావు గారు ఆ పర్యటనకు తోడ్పడి, వారి వెంట తిరిగిరి. ఆ ఉత్సాహము సభలతోనే చల్లారిపోలేదు. కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్య గార్లతో కలసి వీరు చేసిన కృషివలన 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను.

నగరపత్రికకును, జిల్లాపత్రికకును గల భేదము ఆ కాలమున స్పష్టముగా కాననగును. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ఆంధ్రపత్రిక 1914 ఏప్రిలు 1వ తేదీనుండి చెన్నపట్టణమున దినపత్రిక యయ్యెను. నాటి వార్త నాటికే అందించుట దాని బలము. అమృతాంజనము వలని ఆదాయము దానికి అండ. బందరు వారపత్రికకు అట్టి అండ లేదు. వార్తావేగమున నగరముతో పోటీపడుటయు సాధ్యము కాదు. కావున కృష్ణారావు గారు వార్తకంటె దాని యర్థమునకు ప్రాధాన్యమిచ్చిరి. జరిగినదేమో పాఠకుడు ఇతరత్ర తెలిసికొనియుండవచ్చును. దానిని గూర్చి ఎట్లు ఆలోచింపవలెనో కృష్ణాపత్రికలో చూచుకొనెడివాడు.

జిల్లాపత్రికకు అపాయములును తక్కువ కాదు. 1908లో బెజవాడ స్వరాజ్య పత్రిక సంపాదకులు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాజద్రోహ నేరముపై కారాగారము పాలయిరి. 1910 నాటి ముద్రణ శాసనము పత్రికలనుండి ధరావతు కోరుటకు ప్రభుత్వమున కధికార మొసగెను. ధనబలము లేని పత్రికకు అది మెడపై కత్తి. అయినను కృష్ణారావు గారు స్వరాజ్యమునకును, ప్రత్యేకాంధ్ర రాష్ట్రమునకును తమ లేఖినిని అంకితము చేసిరి.

సాయంకాలములందు పత్రికా కార్యాలయమున కవులు, చిత్రకారులు, దేశసేవకులు కూడెడివారు. ఆ గోష్ఠికి కృష్ణాపత్రిక దర్బారని పేరు. నగరమున సంపాదకుడు పాఠకునకు ముఖ మెరుగని వాడు. బందరున ఆయన వీధిలో ఎదురుపడి సమాధానము చెప్పవలసిన వాడు. ఆ సామీప్యమే వీరి వ్రాతకు బాధ్యతను, బరువును గూర్చెను.

ఆంధ్రపత్రిక దినపత్రిక యైన 1914 ఏప్రిలులోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడెను. పల్లెలలో పఠనమందిరములు వ్యాపించిన కొలది, ఒక్క ప్రతిని ఒకరు చదువగా పదిమంది వినుట సాధ్యమయ్యెను. చందాదారుల లెక్కకు అందని ఆ శ్రోతలే జిల్లాపత్రికకు నిజమైన సంపద.

కృష్ణారావు గారు 1945లో పరమపదించిరి. వారు కోరిన స్వాతంత్ర్యము 1947లోను, ఆంధ్ర రాష్ట్రము 1953లోను సిద్ధించెను. ఆ రెంటిని వారు కన్నులార చూడలేదు. అయినను రాజధానికి దూరమగుట ఆలోచనకు దూరమగుట కాదని వారి జీవితము నిరూపించినది.