కూలివాని కంచమును చూచిన పత్రికాకర్త: విలియం కాబెట్టు

దేశము సుభిక్షముగా నున్నదో లేదో తెలిసికొనుటకు ధాన్యపు ధరల పట్టికలను చూచువారు కలరు. ప్రభుత్వపు నివేదికలను చూచువారు కలరు. ఆ ధాన్యమును పండించిన కూలివాని కంచములో నేమున్నదో చూచువారు అరుదు. ఆంగ్లదేశమున దానిని చూచి, చూచినది చూచినట్లు వ్రాసి, అనేక కష్టముల పాలయిన పత్రికాకర్త విలియం కాబెట్టు. పొలము గల ప్రతివాడును ఎఱుగదగిన చరిత్రము ఆయనది.

1763లో సర్రే మండలమందలి ఫార్నమ్ అను నూర ఆయన జన్మించెను. తండ్రి చిన్న రైతు. విత్తిన చేలపై వ్రాలు పక్షులను తోలుటయే కాబెట్టు బాల్యమున చేసిన మొదటి కొలువు. 1784లో సైన్యమున చేరి, అచ్చటనే వ్యాకరణమును తనంత తాను నేర్చుకొనెను. కొలువు విడిచిన పిదప అధికారుల అవినీతిని బయటపెట్టబోయి, తానే దేశము విడువవలసి వచ్చెను. అమెరికాలో రచనకు పేరుపొంది, 1800లో తిరిగివచ్చి, 1802లో ‘పొలిటికల్ రిజిస్టర్’ అను పత్రికను స్థాపించెను. మొదట ప్రభుత్వ పక్షమువాడే. పల్లెల దుస్థితిని చూచినకొలది ఆ పక్షమునకు దూరమయ్యెను.

1809లో ఈలీ పట్టణమున తిరుగబడిన సైనికులను కొరడాలతో కొట్టించిరి. దానిని ఖండించినందుకు 1810లో ఆయనకు రెండేండ్ల చెఱయు, వేయి పౌనుల జుల్మానాయు విధింపబడెను. న్యూగేటు చెఱసాల నుండియే ఆయన పత్రికను నడపెను. సేద్యమును గూడ నడపెను. బిడ్డలు పొలము పనుల దినచర్యను, పండినవాటిని బుట్టలో పెట్టి పంపుచుండ, ఆయన జాబుల మూలమున పనులు చెప్పుచుండెను.

స్టాంపు పన్ను వలన పత్రిక వెల షిల్లింగు దాటియుండెను. పేదవాడు దానిని కొనజాలడు. వార్తలు లేని కాగితమునకు ఆ పన్ను లేదని గ్రహించి, 1816లో వ్యాసమును మాత్రమే ముద్రించి రెండు పెన్నీలకు అమ్మించెను. ప్రతులు వేలకొలది పల్లెలకు చేరెను. విరోధులు దానిని రెండు పెన్నీల చెత్త యనిరి. తరువాత ఆయన ఆ తిట్టునే మఱియొక పత్రికకు పేరుగా నుంచెను. 1817లో నిర్బంధములకు భయపడి అమెరికాకు పోయి, 1819లో మరల వచ్చెను.

ఆయన కీర్తికి మూలములు అటుపిమ్మటి రచనలు. ‘కాటేజ్ ఎకానమీ’ యందు రొట్టె కాల్చుట, ఆవును మేపుట, తేనెటీగలను పెంచుట మొదలగునవి కూలికుటుంబములకు తెలియునట్లు వ్రాసెను. బంగాళాదుంప యనిన ఆయనకు మంట. రొట్టె తినువానిని దుంపకు అలవాటుచేసినచో కూలి తగ్గించుట సులభమగునని ఆయన వాదము. దుంప చేసిన నేరమేమియు లేదు. కూలిని గూర్చిన భయము మాత్రము నిరాధారము కాదు.

గుఱ్ఱమెక్కి, రాజమార్గములు విడిచి, డొంకదారుల తిరిగి వ్రాసిన ‘రూరల్ రైడ్స్’ 1830లో గ్రంథరూపమున వెలువడెను. నేల యెట్టిది, పైరెట్లున్నది, కూలి యెంత, వాడు తినునదేమి: ఇవియే ఆయన ప్రశ్నలు. ధాన్యము విస్తారముగా పండు సారవంతమైన నేలలయందే కూలివాడు మిక్కిలి దీనుడని ఆయన కనుగొనెను. అడవియు, ఉమ్మడి బీడును మిగిలినచోట వానికి వంటచెఱకును, ఆవునకు మేతయు కలవు. అన్నిటిని దున్ని కంచె వేసినచోట కూలి తప్ప వానికి గతి లేదు.

దోషములు లేనివాడు కాడు. యూదులను గూర్చియు, నల్లజాతి బానిసలను గూర్చియు ఆయన వ్రాసిన ద్వేషవాక్యములు క్షమింపరానివి. తన పల్లెవానియెడ చూపిన కరుణను వారియెడ చూపలేకపోయెను.

1830లో దక్షిణ మండలముల కూలివాండ్రు కూలి పెంచుమని లేచి, నూర్పిడి యంత్రములను విఱుగగొట్టిరి. వారిని ప్రేరేపించెనని 1831లో ప్రభుత్వము కాబెట్టుపై అభియోగము తెచ్చెను. ఆయన తన పక్షమున తానే వాదించెను. జూరీలో ఏకాభిప్రాయము కుదరక విడుదలయ్యెను. 1832లో ఓల్డమ్ నుండి పార్లమెంటునకు ఎన్నికై, పేదలను పనిశాలలకు త్రోయు 1834 నాటి చట్టము నెదిరించి, 1835 జూనులో కన్నుమూసెను.

పంట యెక్కువైనంత మాత్రమున పల్లె సుఖించునని నమ్మువారికి కాబెట్టు జీవితము సమాధానము. గాదె నిండినదా యని అడుగుట సులభము. గాదె నింపినవాడు ఏమి తినెనని అడుగువాడే ఆహారమును గూర్చి వ్రాయుటకు అర్హుడని మేము తలంచెదము. ఆ ప్రశ్నకు ఉత్తరము పట్టికలలో దొరకదు; మన పాఠకుల పొలముగట్లపైననే దొరకును.