ఆదివారం పరుగెత్తని ఛాంపియన్: ఎరిక్ లిడెల్

మన బడిలో చదివిన ఎవరికైనా డ్రిల్లు పీరియడ్ గుర్తుండే ఉంటుంది. ఎండలో గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టించాక, మాస్టారు మమ్మల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఏదో ఒక కథ చెప్పేవారు. వాటిలో నాకు ఇప్పటికీ మాసిపోనిది ఒలింపిక్స్‌లో తనకు బాగా అచ్చొచ్చిన పందెం వదులుకున్న ఒక స్కాట్లండ్ ఆటగాడి కథ. అప్పట్లో పతకం వరకే విన్నాను. పెద్దయ్యాక మిగతాది చదివాను. అసలు కథ ఆ మిగతాదేనని తెలిసింది. అందుకే ఈ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు ఎరిక్ లిడెల్ జీవితాన్నే ఎంచుకున్నాను.

లిడెల్ 1902 జనవరి 16న చైనాలోని తియాన్‌జిన్ నగరంలో పుట్టారు. తల్లిదండ్రులు లండన్ మిషనరీ సొసైటీ తరఫున అక్కడ పనిచేస్తున్న స్కాట్లండ్ వాళ్లు. ఆరేళ్ల వయసులో ఆయన్నీ, అన్న రాబ్‌నీ ఇంగ్లండులో మిషనరీల పిల్లల కోసం నడిపే హాస్టల్ బడిలో చేర్చి, అమ్మానాన్నలు మళ్లీ చైనా వెళ్లిపోయారు. హాస్టల్‌లో పెరిగిన మన మిత్రులకు ఆ బెంగ ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. ఆ పిల్లవాడికి ఊరట దొరికింది ఆట స్థలంలోనే.

1920లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో సైన్సు డిగ్రీలో చేరారు. రగ్బీలో స్కాట్లండ్ జట్టుకు ఏడు మ్యాచ్‌లు ఆడారు. పరుగులో ఆయన పద్ధతి మాత్రం ఏ కోచ్‌కీ నచ్చేది కాదు. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, చేతులు ఎటుపడితే అటు విసురుతూ పరుగెత్తేవారు. 1923లో స్టోక్ పట్టణంలో 440 గజాల పందెం మొదట్లోనే ఎవరో తగిలి కింద పడిపోయారు. లేచేసరికి మిగతావాళ్లు 20 గజాలు ముందున్నారు. అయినా పరుగెత్తి, అందరినీ దాటి, గీత దగ్గర కుప్పకూలారు. గెలిచింది ఆయనే.

మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్. 100 మీటర్లలో బ్రిటన్ పెట్టుకున్న ఆశల్లో లిడెల్ పేరు ముందుంది. కానీ ఆ పందెం హీట్స్ ఆదివారం పడ్డాయి. ఆదివారం దేవుడి రోజు, ఆ రోజు ఆడకూడదన్నది ఆయన నమ్మకం. 1981లో వచ్చిన చారియట్స్ ఆఫ్ ఫైర్ సినిమాలో ఓడ ఎక్కుతుండగా ఈ సంగతి తెలిసినట్టు చూపించారు. నిజానికి నెలల ముందే తెలుసు. ఆ నెలలన్నీ విమర్శలు భరిస్తూ, 200, 400 మీటర్లకు సాధన చేశారు. ఆదివారం పడిన రిలే పందాలు కూడా వదులుకున్నారు.

200 మీటర్లలో కాంస్యం వచ్చింది. జూలై 11న 400 మీటర్ల ఫైనల్‌లో ఆయనకు అన్నిటికన్నా బయటి లేను పడింది. ఆ లేనులో ఉన్నవాడు అందరికన్నా ముందు నుంచి మొదలుపెడతాడు కాబట్టి పోటీదారులెవరూ కంటికి కనపడరు. ఎంత వేగంగా పోవాలో పక్కవాడిని చూసి లెక్క వేసుకునే వీలుండదు. లిడెల్ లెక్కలు పెట్టుకోలేదు. మొదటి నుంచీ చిన్న పందెంలో పరుగెత్తినట్టే పరుగెత్తి 47.6 సెకన్లలో గీత దాటారు. రెండో స్థానంలో వచ్చిన అమెరికన్ ఫిచ్‌కు 48.4 సెకన్లు పట్టింది. అది కొత్త ఒలింపిక్ రికార్డు.

వారం తిరక్కుండానే ఎడింబరోలో పట్టా పుచ్చుకున్నారు. తోటి విద్యార్థులు భుజాల మీద ఊరేగించారు. మన డ్రిల్లు మాస్టారు కథ ఇక్కడితో ముగించేవారు.

ఆ పేరుతో ఆయన హాయిగా బతకగలిగేవారు. కానీ 1925లో, 23 ఏళ్ల వయసులో, తాను పుట్టిన తియాన్‌జిన్‌కే తిరిగి వెళ్లారు. అక్కడి ఆంగ్లో చైనీస్ కళాశాలలో సైన్సు మాస్టారుగా చేరారు. పాఠం చెప్పడం, పిల్లల్ని ఆడించడం, ఆదివారం బడి నడపడం, ఇదే పని. 1932లో తమ కాంగ్రిగేషనల్ సంఘంలో పాదిరిగా అభిషేకం పొందారు. 1934లో కెనడా మిషనరీల కుమార్తె ఫ్లోరెన్స్‌ను పెళ్లి చేసుకున్నారు.

1937లో జపాన్ సైన్యం ఉత్తర చైనాను ఆక్రమించింది. ఆ ఏడాదే లిడెల్ నగరంలోని ఉద్యోగం వదిలి సియావోచాంగ్ అనే పల్లె ప్రాంతానికి వెళ్లారు. అన్న రాబ్ అక్కడి మిషన్ ఆసుపత్రిలో డాక్టరు. ఒకసారి ఓ పాడుబడ్డ గుడిలో గాయాలతో పడి ఉన్న మనిషిని, జపాన్ వాళ్లకు భయపడి ఎవరూ ఇంటికి తీసుకెళ్లడం లేదని తెలిసింది. లిడెల్ కంచరగాడిద బండి మాట్లాడుకుని వెళ్లారు. దారిలో మెడ మీద కత్తివేటు పడిన ఇంకొకరు కనిపిస్తే ఆయన్నీ ఎక్కించుకున్నారు. మొదటి మనిషి బతకలేదు. రెండో మనిషి బతికాడు. చిత్రకారుడైన ఆయన తర్వాత లిడెల్‌కు ఒక పూల బొమ్మ వేసి ఇచ్చారు.

1941లో పరిస్థితి ముదిరింది. గర్భిణి అయిన భార్యనూ ఇద్దరు కూతుళ్లనూ కెనడా పంపి, తాను ఉండిపోయారు. మూడో కూతురు అక్కడే పుట్టింది. ఆమెను ఆయన ఎన్నడూ చూడలేదు.

1943లో జపాన్ వాళ్లు ఆయన్ని వైషియన్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఒక మిషన్ ఆవరణలో సుమారు 1,500 మంది ఇరుక్కుని ఉండేవారు. తల్లిదండ్రులకు దూరమైన హాస్టల్ పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. ఆరేళ్లకే హాస్టల్లో చేరిన లిడెల్‌కు ఆ పిల్లల కష్టం ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అర్థమై ఉంటుంది. వాళ్లకు ఆయన అంకుల్ ఎరిక్. పుస్తకాలూ ప్రయోగశాలా లేకపోతే, రసాయనశాస్త్రం నోట్సు చేత్తో రాసి, పరికరాల బొమ్మలు గీసి పాఠం చెప్పారు. చిరిగిన హాకీ బ్యాట్లు బాగుచేశారు. నీళ్లు మోశారు.

ఆ శిబిరంలోనూ ఆదివారం ఆటలకు ఆయన దూరంగానే ఉన్నారు. అయితే ఒక ఆదివారం పిల్లలు తమంతట తామే హాకీ ఆడి, రిఫరీ లేక కొట్టుకున్నారు. మరుసటి ఆదివారం లిడెల్ విజిల్ పట్టుకుని మైదానంలోకి వచ్చారు. ఒలింపిక్ పతకం కోసం సడలించని నియమాన్ని దిక్కులేని పిల్లల కోసం సడలించారు.

నేను ఇంజినీరుని. నిబంధనల మీదే మా బతుకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పై ఒత్తిడికి లొంగి, నేను కళ్లతో చూడని పనికి ఎం-బుక్కులో సంతకం పెట్టాను. ఆ కల్వర్టు ఇప్పటికీ నిలిచే ఉంది. కానీ ఆ దారిన వెళ్లినప్పుడల్లా నా చూపు దాని మీద నిలవదు. నేను నియమం తప్పింది నా బదిలీ ఆపుకోవడానికి. లిడెల్ తప్పింది ఎదుటివాడి కోసం. ఈ రెంటికీ ఉన్న తేడా తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ తర్వాత అలాంటి సంతకం మళ్లీ పెట్టలేదు.

1945 మొదట్లో ఆయనకు విపరీతమైన తలనొప్పులు వచ్చాయి. పని ఎక్కువై అలసిపోయారనుకున్నారు. ఫిబ్రవరి 21న, భార్యకు ఉత్తరం రాసిన రోజునే, 43 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మెదడులో కంతి ఉందని తర్వాత తేలింది. ఆ కబురు ఫ్లోరెన్స్‌కు మే నెలలో గాని అందలేదు. ఆగస్టులో శిబిరానికి విముక్తి కలిగింది. 1991లో ఎడింబరో విశ్వవిద్యాలయం అక్కడ స్కాట్లండ్ గ్రానైటుతో ఆయన స్మారకం నిలిపింది.

చివరి రోజుల్లో లిడెల్ తన పాత పరుగు బూట్లను, చలిలో సరైన చెప్పుల్లేని ఒక కుర్రవాడికి ఇచ్చేశారు. ఆ కుర్రవాడు పెద్దయ్యాక తమను నిర్బంధించిన జపాన్ దేశానికే సేవ చేయడానికి వెళ్లాడు.

మన స్వర్ణోత్సవ నిధితో ఏమేం చేయాలో ఇప్పుడు చర్చ జరుగుతోంది. నాదొక చిన్న మనవి. కొత్త గదులు కట్టండి, కంప్యూటర్లు కొనండి, కానీ గ్రౌండును ముట్టుకోకండి. ఒక మంచి డ్రిల్లు మాస్టారిని, ఆ వేపచెట్టు నీడనూ పిల్లలకు ఉంచండి. ఏ కథ ఎవరి చేతిని ఏ సంతకం దగ్గర ఆపుతుందో మనకు తెలియదు.