సగం లీగ్‌కి పేరైన మనిషి

చేవెళ్ల నుంచి మొయినాబాద్ వైపు బస్సులో వస్తుంటే షాపు బోర్డుల కింద రంగారెడ్డి జిల్లా అని కనిపిస్తూనే ఉంటుంది. ఆ కొండా వెంకట రంగారెడ్డిది మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారమే. 1978లో హైదరాబాద్ నుంచి విడిపోయిన జిల్లాకి ఆయన పేరు వచ్చింది, అలాగే నిలిచింది. కెనడాలో ఇంకొకాయన పేరు ఐస్ హాకీ లీగ్‌లో సగానికి పెట్టి, 19 ఏళ్లకి తీసేశారు. సరిగ్గా నా వయసంత! ఆయన క్లారెన్స్ కాంప్‌బెల్.

మనకి కాన్ఫరెన్స్ అంటే పేపర్ ప్రెజెంటేషన్. కెనడా, అమెరికా టీమ్‌లు ఆడే నేషనల్ హాకీ లీగ్‌లో మాత్రం కాన్ఫరెన్స్ అంటే టీమ్‌లలో ఒక సగం. ఇప్పుడు ఈస్టర్న్, వెస్టర్న్ అని రెండున్నాయి. రెండింటి విజేతలూ ఫైనల్లో స్టాన్లీ కప్ కోసం ఆడతారు.

కాంప్‌బెల్ 1905లో ఫ్లెమింగ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. లా చదివాడు, రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. తిరిగొచ్చాక ఇదే లీగ్‌లో రిఫరీగా చేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో ఉండి, తర్వాత జర్మన్ల యుద్ధ నేరాల కేసుల్లో ప్రాసిక్యూషన్ వైపు పనిచేశాడు. 1946లో లీగ్ ప్రెసిడెంట్ అయ్యాడు. 31 ఏళ్లు ఆ కుర్చీలోనే.

ఆయన్ని ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నది మాత్రం 1955 మార్చి వల్ల. మాంట్రియల్ టీమ్ హీరో మారిస్ రిషార్ ఒక మ్యాచ్‌లో ప్రత్యర్థిని స్టిక్‌తో కొట్టి, ఆపడానికొచ్చిన లైన్స్‌మన్ మీద కూడా చెయ్యి చేసుకున్నాడు. కాంప్‌బెల్ అతన్ని మిగిలిన సీజన్‌కీ, ప్లేఆఫ్స్‌కీ పక్కనపెట్టేశాడు. రిషార్ ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ల మనిషి, కాంప్‌బెల్ ఇంగ్లిష్ వైపు. అంటే గొడవ ఒక్క హాకీది కాదు, ఎన్నాళ్లనుంచో ఉన్న మంట. మార్చి 17న మ్యాచ్‌కి రావద్దని ఎందరు చెప్పినా కాంప్‌బెల్ వచ్చి తన సీట్లో కూర్చున్నాడు. గుడ్లు, టమాటాలు పడ్డాయి. టియర్ గ్యాస్ పేలింది, మ్యాచ్ ఆగిపోయింది. జనం రోడ్డెక్కి షాపుల అద్దాలు పగలగొట్టారు. మర్నాడు రిషారే రేడియోలో మాట్లాడి అభిమానుల్ని శాంతపరిచాడు. శిక్ష కరెక్టే అనిపిస్తుంది నాకు. అంపైర్‌ని కొడితే మనం ఊరుకుంటామా? కానీ ఆ రాత్రి స్టేడియంకి వెళ్లడం ధైర్యం కన్నా పంతం.

1967లో ఆయన హయాంలోనే ఆరు టీమ్‌ల లీగ్ పన్నెండు అయింది. 1974కి పద్దెనిమిది. అప్పుడు లీగ్‌ని రెండుగా చేసి, ఒక సగానికి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పేరు, రెండో సగానికి ఈయన పేరు పెట్టారు. మనిషి ఇంకా పదవిలోనే ఉన్నాడు! మొదట్లో ఆ విభజనకి దిక్కులతో పనిలేదు. 1981లో మార్చాకే కాంప్‌బెల్ అంటే పడమర అయింది.

ఈలోగా ఆయనకే దెబ్బ తగిలింది. మాంట్రియల్ ఎయిర్‌పోర్టులో డ్యూటీ ఫ్రీ షాపుల లీజు కోసం ఒక సెనేటర్‌కి లంచమిచ్చిన కేసులో 1980లో దోషిగా తేలాడు. ఒక్కరోజు జైలు, 25,000 డాలర్ల జరిమానా. జీవితమంతా రూల్ బుక్ పట్టుకున్న మనిషి! 1984లో పోయాడు.

1993లో పేరు తీసేసింది ఆ కేసు వల్ల కాదు. కొత్తగా చూసేవాళ్లకి తేలిగ్గా అర్థం కావాలని దిక్కుల పేర్లు పెట్టారు. వేరియబుల్‌కి అర్థమయ్యే పేరు పెట్టండని ల్యాబ్‌లో మనకి చెప్పేదే కదా.

వెస్టర్న్ విజేతకిచ్చే ట్రోఫీ మాత్రం ఇప్పటికీ కాంప్‌బెల్ బౌలే. దాన్ని ముట్టుకుంటే స్టాన్లీ కప్ రాదని ఆటగాళ్లలో ఒక నమ్మకం. అందుకే చాలామంది కెప్టెన్లు దాని పక్కన నిలబడి ఫొటో దిగి, చెయ్యి తగలకుండా వెళ్లిపోతారు.